సక్సెస్ అనే మాట ఆమెకు పడేది కాదు

మా ఆవిడ పోయిన నెలలో ఒక గురువారం చనిపోయింది. ఆ రోజు ఏం జరిగిందో ముందు చెబుతాను.

పొద్దున మామూలుగానే లేచింది. మాత్రలు వేసుకుంది. దోసెల పిండి పులిసిపోయిందని విసుక్కుని, ఆ పిండితోనే ఊతప్పం వేసింది. పంజాగుట్టలోని మా ఇంటి నుంచి ఆటోలో అమీర్‌పేట వెళ్లింది. అక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె చాలా ఏళ్లుగా స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతోంది. నేను ఎర్రమంజిల్‌లో మా ఆఫీసుకు వెళ్లాను. మధ్యాహ్నం బ్యాచ్‌కు పాఠం చెబుతూ, బోర్డు మీద ఏదో రాస్తూ, మార్కర్ చేతిలో ఉండగానే పడిపోయింది. క్లాసులో ఉన్నది జిల్లాల నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు. లిఫ్టు పనిచేయడం లేదు. కుర్చీలో కూర్చోబెట్టి వాళ్లే మూడంతస్తులు మోసుకుని దిగారు. ఒకమ్మాయి ఆటోలో దారి పొడవునా ఆమె ఛాతీ నొక్కుతూనే ఉందట. ఆ అమ్మాయి పేరు నాకింకా తెలియదు.

నేను ఆస్పత్రికి చేరేసరికి డాక్టర్లు ఇంకా ప్రయత్నిస్తున్నారు. కాసేపటికి ఆపేశారు. గుండె లయ తప్పింది, మళ్లీ దారికి రాలేదు అన్నారు.

డ్యూటీ డాక్టరు కుర్రాడు. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"సార్, ఛాతీ మీద పాత కుట్లున్నాయి. ఏం సర్జరీ?"

"రెండుసార్లు గుండె ఆపరేషన్. ఒకటి ఆరేళ్లప్పుడు. ఒకటి ముప్ఫై ఆరేళ్లప్పుడు."

"రెండూ సక్సెసేనా సార్?"

అతని తప్పేమీ లేదు. రాసుకోవాలి కాబట్టి అడిగాడు. కానీ ఆ క్షణంలో నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. అది ఇప్పటికీ తగ్గలేదు. ఇది ఆ కోపంతోనే రాస్తున్నాను. మెత్తమెత్తగా రాస్తే ఆమెకే నచ్చదు.

సక్సెస్ అనే మాట మా ఆవిడకు పడేది కాదు. ఎందుకు పడేది కాదో చెబితే ఆమె గురించి చాలావరకు చెప్పినట్టే.

ఆమె పుట్టింది, పెరిగింది పంజాగుట్టలోనే. వాళ్ల నాన్నగారు బస్సు కండక్టరు. ఆమె చిన్నప్పుడు ఏడిస్తే పెదవులు నీలంగా మారేవి. పిల్లలతో పరుగెత్తేది, సగంలో ఆగి రోడ్డు మీదే గొంతుక్కూర్చునేది. మోకాళ్లు కడుపుకు అదుముకుని, తల వంచుకుని, ఊపిరి అందేదాకా అలాగే ఉండేది. మిగతా పిల్లలు 'కప్ప' అని పిలిచేవారు. అది పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు. గుండెలో గోడకు రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు. అలా గొంతుక్కూర్చుంటే కొంచెం ఊపిరి అందుతుందని ఆ వయసు పిల్లలకు ఎవరూ నేర్పరు. వాళ్ల ఒంటికే తెలుస్తుంది.

ఆరేళ్లప్పుడు మద్రాసు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. రంధ్రం మూశారు, ఇరుకు దారిని కోసి వెడల్పు చేశారు. ఆపరేషన్ అయ్యాక పెద్ద డాక్టరు వరండాలో నిలబడి మామయ్యగారితో చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడట. మామయ్యగారు చేతులు కట్టుకుని విన్నారు. ఆయనకు అర్థమైంది ఒక్కటే మాట. ఆ ఒక్క మాటే హైదరాబాదుకు టెలిగ్రామ్ ఇచ్చారు. సక్సెస్.

"మా నాయినకు ఒక్క మాటే సమజైంది. మిగిలిందంతా ఇంగ్లీషే," అనేది ఆమె.

ఆ మిగిలిన ఇంగ్లీషులో ఏముందో మా పెళ్లయ్యాక చాలా ఏళ్లకు, ఇంకో డాక్టరు విడమరిచి చెప్పాక గానీ మాకు తెలియలేదు. ఏటేటా చూపించాలని ఉంది. పెద్దయ్యాక ఇంకో ఆపరేషన్ అవసరం పడవచ్చని ఉంది. అడ్డం తీశారు గానీ, ఆ దారిలో తలుపులాంటి కవాటం సరిగ్గా మూసుకోదని, రక్తం వెనక్కి కారుతుందని, ఆ భారం మోసి మోసి గుండె కుడివైపు సాగుతుందని ఉంది. ఇదంతా ఒక కండక్టరుకు వరండాలో ఇంగ్లీషులో చెప్పి ఆ డాక్టరు వెళ్లిపోయాడు. మామయ్యగారి మీద నాకు కోపం లేదు. ఆ డాక్టరు చేతుల మీద కూడా లేదు, ఆ చేతులు ఆమెను బతికించాయి. నా కోపం ఆ వరండా మీద. తెలుగు తెలిసిన నర్సును ఒక్క పిలుపు పిలిస్తే సరిపోయేది.

తర్వాత జరిగింది మా చర్చివాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పని. ఆపరేషన్ జరిగిన రోజున ఏటా ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టేవారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసేవారు. తెల్ల గౌను వేసిన ఆమెను బల్ల మీద నిలబెట్టేవారు. 'దేవుడు నా గుండె బాగుచేశాడు' అని ఆమె సాక్ష్యం చెప్పేది. పెద్దవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. తర్వాత బగారన్నం, మటన్ కూర.

"పదేండ్లు వచ్చేదాక అది నా బర్త్‌డే అనుకున్న," అని చెప్పింది నాతో ఒకసారి. "యాడాదికోసారి నా గుండెకు పండుగ చేసిండ్రు సారూ. పరీక్ష మాత్రం చేయించలే."

సారూ అని నన్ను ఎగతాళిగా పిలిచేది. మాది గుంటూరు వైపు. నేను "ఏంటి" అన్నప్పుడల్లా "ఏంటి ఏంటి" అని వెనక్కి అనేది. మా పెళ్లి చర్చి పెద్దలు కుదిర్చినదే. పెళ్లిచూపుల్లో వాళ్లు ఆపరేషన్ సంగతి దాచలేదు. గర్వంగా చెప్పారు. "అప్పుడే నయమైపోయింది బాబూ, సక్సెస్" అన్నారు. నేనూ నమ్మాను. డిగ్రీ చదివినవాణ్ని, నేనూ ఆ ఒక్క మాటే విన్నాను.

కూడికలు మా పెళ్లి తర్వాత కూడా సాగాయి. ఆమె చీరకట్టులో నిలబడి అదే సాక్ష్యం చెప్పేది.

ముప్ఫై దాటాక ఆమెకు ఆయాసం మొదలైంది. ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎక్కి, రెండో అంతస్తులో ఆగి, ఫోను చూస్తున్నట్టు నటించేది. ఒక డాక్టరు రక్తం తక్కువన్నాడు. ఒకాయన ఆస్తమా అని పీల్చుకునే మందు ఇచ్చాడు. మరొకాయన "పిల్లలు లేరు కదా, మనసులో పెట్టుకుని ఉంటారు" అన్నాడు. ఛాతీ మధ్యలో మెడ కింది నుంచి జానెడు కుట్లున్న మనిషి ఎదురుగా కూర్చుంటే, ఆ కుట్ల గురించి ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. ఆమే చెప్పబోతే "అది చిన్నప్పుడు కదమ్మా, అయిపోయింది కదా" అన్నారు. ఆ మూడు గదుల్లోనూ నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ ముగ్గురి ముఖాలూ నాకు గుర్తున్నాయి.

చివరికి క్లాసు మధ్యలో కళ్లు తిరిగి పడిపోయాక పెద్దల గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మంచివాడు. కాసేపు చూసి, "ఇది నా సబ్జెక్టు కాదు. పుట్టుకతో వచ్చినవి పిల్లల గుండె డాక్టర్లే చూస్తారు, అక్కడికి వెళ్లండి" అన్నాడు.

వెళ్లాం. పిల్లల వార్డు. గోడల మీద ఏనుగులు, బెలూన్లు. చిన్న చిన్న ప్లాస్టిక్ కుర్చీలు. చుట్టూ ఏడుస్తున్న పసివాళ్లు, వాళ్ల తల్లులు. మా ఆవిడ ఒక ఎర్ర కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చుంది. నర్సు బయటికొచ్చి ఆమె పేరు పిలిచి, చుట్టూ చూసింది.

"పాప ఏదమ్మా?"

"నేనే పాప," అంది మా ఆవిడ.

"అరే, మజాక్ చేయకున్రి మేడమ్. పేషెంట్ యాడుంది?"

"చెప్తున్న గదా, నేనే. జర పెద్దగైన, అంతే."

అక్కడున్న తల్లులంతా నవ్వారు. భయంతో బిగుసుకుపోయి కూర్చున్నవాళ్లు, బహుశా ఆ వారంలో మొదటిసారి నవ్వి ఉంటారు. ఆమె కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ముప్ఫై ఆరేళ్ల మనిషికి ఈ ఊళ్లో కూర్చోవడానికి సరైన కుర్చీ లేదనిపించింది. పిల్లల వార్డుకు ఆమె పెద్దది. పెద్దల డాక్టరుకు ఆమె జబ్బు చిన్నపిల్లలది. బతికి పెద్దవాళ్లయ్యే పిల్లల గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

లోపల డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసి, తెర మా వైపు తిప్పి, తెలుగులో చెప్పింది. గుండె కుడివైపు బాగా సాగిపోయింది. కొత్త కవాటం వెయ్యాలి. వేసినా సాగిన గుండె పూర్తిగా పాత కొలతకు రాదు. లయ తప్పే ప్రమాదం జీవితాంతం ఉంటుంది. పదేళ్ల ముందు వచ్చి ఉంటే వేరేగా ఉండేది.

మా ఆవిడ అడిగింది. "పదేండ్ల ముందు రమ్మని నాకు ఎవరు చెప్పాలె మేడమ్?"

"మేమే చెప్పాలమ్మా," అంది డాక్టరమ్మ.

డాక్టర్లలో మాకు ఆ మాట చెప్పింది ఆమె ఒక్కతే. అందుకే ఆ తర్వాత ఆమెను వదల్లేదు.

రెండో ఆపరేషన్ అయింది. బయటికొచ్చిన డాక్టరుతో నేను అన్నాను: "సక్సెస్ అని చెప్పకండి సార్. ఏం చేశారో చెప్పండి, ఏం చేయలేకపోయారో చెప్పండి, మేం ఏం చూసుకోవాలో చెప్పండి." ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. కానీ కూర్చుని చెప్పాడు.

దాని తర్వాత తొమ్మిదేళ్లు. వాటికి నేను రుణపడి ఉన్నాను. మెట్లు ఆగకుండా ఎక్కింది. చర్చి క్వయర్‌లో ఊపిరి చాలక సగంలో వదిలేసే చరణాన్ని చివరిదాకా పాడి, పాట అయ్యాక వెనక వరుసలో ఉన్న నా వైపు తిరిగి చూసింది. మూడంతస్తుల కిందికి వినిపించేలా క్లాసులో కేకలేసింది. ఆటోవాళ్లతో ఉర్దూలో పోట్లాడింది. చాయ్‌లో నేను ఉస్మానియా బిస్కెట్ ముంచితే అది చాయ్‌లో పడిపోయేదాకా ఓపిగ్గా చూసి, "డిగ్రీ ఎందుకు చదివినవ్ సారూ" అనేది.

రెండో ఆపరేషన్ తర్వాత వచ్చిన కృతజ్ఞతా కూడికలో ఆమె సాక్ష్యం చెప్పడానికి లేచింది. అందరూ పాత సాక్ష్యం కోసమే చూస్తున్నారు.

"నా గుండె బాగైందని ఇన్నేండ్లు చెప్పిన," అంది. "అబద్ధం చెప్పలే. సగం చెప్పిన. బాగుచేసిండ్రు గని కొత్తది ఇయ్యలే. బాగుచేసిన దాన్ని చూసుకుంటుండాలె. మీ ఇండ్లల్ల చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయినోళ్లు ఎంతమంది ఉన్నరో చేతులెత్తున్రి."

ఒక పెద్దాయన దగ్గాడు. "అమ్మా, ఇది సాక్ష్యం చెప్పే సమయం. క్లాసు కాదు."

"క్లాసే అంకుల్. హాజరు తీసుకుంటున్న."

ముందు నవ్వింది పాస్టరుగారే. వెనక వరుసల్లో రెండు చేతులు లేచాయి. ఆ ఇద్దర్నీ ఆ వారంలోనే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. లాక్కెళ్లింది అన్నది మాటవరసకు కాదు, ఒకాయన నిజంగానే బస్టాప్ దాకా వచ్చి వెనక్కి తిరగబోతే చొక్కా పట్టుకుంది. ఆ తర్వాత కూడికలు ఆగిపోయాయి. ఏటా అదే రోజున మేమిద్దరం చెకప్‌కు వెళ్లేవాళ్లం. అయ్యాక ఇంటికొచ్చి మటన్ మాత్రం వండేది. అది వదులుకునే ఉద్దేశం తనకు లేదంది.

ఆమె ఇన్‌స్టిట్యూట్ గోడ మీద పెద్ద ఫ్లెక్సీ ఉంటుంది. అమీర్‌పేటలో ప్రతి గోడ మీదా ఉంటుంది. ఉద్యోగం వచ్చిన పిల్లల ఫోటోలు, పైన 'మా సక్సెస్' అని. ఒకతను ఫోటో పడిన ఆరు నెలలకే ఉద్యోగం పోయి, మళ్లీ సాయంత్రం బ్యాచ్‌లో చేరాడు. తన ఫోటో కిందే కుర్చీ దొరికింది. "పైన సక్సెస్, కింద స్టూడెంట్" అని ఆమె ఆ రోజంతా నవ్వింది. నవ్వి, తర్వాత అంది: "నన్ను సుత గట్లనే ఫోటో తీసి గోడకు కొట్టిండ్రు, ఆరేండ్లప్పుడు. తర్వాత నేనేమైననో చూడనీకి ఎవరూ రాలే."

ఎవరైనా "మీకు ఆపరేషన్ ఎప్పుడైంది" అని అడిగితే ఇంగ్లీష్ టీచరు ఊరుకునేది కాదు. "అయింది అనకున్రి, అయితున్నది. అది పాస్ట్ టెన్స్ కాదు, ప్రెజెంట్ కంటిన్యూయస్."

ఆస్పత్రులు లెక్కేసేది మనిషి తలుపు దాటి ఇంటికి వెళ్లడం వరకే. దాటితే సక్సెస్. ఆ లెక్కలో మా ఆవిడ రెండుసార్లు సక్సెస్. ఇప్పుడు మట్టిలో ఉన్నా ఆ లెక్క మారదు. పదేళ్లకు, ఇరవై ఏళ్లకు ఆ పిల్లలు ఎలా ఉన్నారు, మెట్లు ఎక్కగలుగుతున్నారా, ఎవరికి కళ్లు తిరిగాయి, ఎవరు తిరిగి రాలేదు అని ఒక ఫోను చేసి అడిగే మనిషి ఉండాలి. మాకు ఎవరూ చేయలేదు.

ఇక ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి చెబుతాను.

మా కింది వాటాలో ఉండేది జిరాక్స్ షాపు నడిపే ఆయన, ఆయన భార్య, తల్లి, నాలుగేళ్ల పాప. పోయినేడాది వాళ్లు కొత్తగా దిగారు. ఒకరోజు మా ఆవిడ కూరగాయలతో మెట్లెక్కుతుంటే ఆ పాప మెట్ల మధ్యలో గొంతుక్కూర్చుని ఉంది. మోకాళ్లు కడుపుకు అదుముకుని, తల వంచుకుని. మా ఆవిడ సంచి అక్కడే వదిలేసింది. టమాటాలు దొర్లుతూ కిందికి పోయాయి. పాపను ఎత్తుకుని వాళ్ల తలుపు కొట్టింది.

"ఈ పిల్ల రోజు గిట్లనే కూసుంటదా?"

"అవునక్కా, అలసిపోతది. మొండి పిల్ల," అంది తల్లి.

"మొండి కాదమ్మా. దీని పెదవులు చూడు. ఇది నాలెక్క కూసున్నది."

డాక్టరమ్మ అదే జబ్బని చెప్పింది. ఇప్పటికే ఆలస్యమైంది, ఆపరేషన్ చేయించాలి అంది. వాళ్లు నెలల తరబడి భయపడ్డారు. మా ఆవిడ ఓపిగ్గా రోజూ కిందికి దిగేది. పాప తల్లికి తన కుట్లు చూపించింది, వేలితో తడిమి చూడమంది. పాప కూడా తడిమి "జిప్పు" అంది. ఆ తర్వాత నుంచి మా ఆవిడ ఆ పాపకు జిప్పు ఆంటీ.

జిరాక్స్ ఆయన ఒకటే అడిగేవాడు. "సక్సెస్ అయితదా అక్కా?"

"ఆ ఒక్కటి అడగకు తమ్మీ. ఆపరేషన్‌ల ప్రమాదమెంత అని అడుగు. అయినంక యాడాదికి ఎన్నిసార్లు చూపియ్యాలె అని అడుగు. పెద్దగైనంక ఏమైతదని అడుగు. నీ బిడ్డ నా అంత లొల్లి పెట్టాలె, అప్పుడు చెప్త సక్సెసా కాదా."

చివరికి ఒప్పుకున్నారు. ఆస్పత్రిలో చేరడానికి తేదీ ఇచ్చారు. ఆ తేదీ రేపు.

మధ్యలో మా ఆవిడ పోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక మా ఇంటికొచ్చినవాళ్లు రెండు రకాలుగా మాట్లాడారు. కొందరు "ఆపరేషన్ ఫెయిలైంది" అన్నారు. కొందరు "చిన్నప్పుడు కోయకుండా ఉంటే ఇంకా బతికేదేమో" అన్నారు. నా ముందే, టీ తాగుతూ. ఆరేళ్లప్పుడు ఆ ఆపరేషన్ జరగకపోతే ఆమె హైస్కూలు గడప చూసేది కాదు. నాకు భార్య ఉండేది కాదు. ఈ మాట చెప్పాలని లేచి, చెప్పకుండా ఖాళీ కప్పులు ఏరసాగాను. జిరాక్స్ ఆయన మూలన కూర్చుని అన్నీ వింటున్నాడు. అతని ముఖం చూసి అప్పుడు నాకు భయం వేసింది.

మొన్న పైకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, పాపది జర ఆపుదామనుకుంటున్నం."

"ఎందుకు?"

"అక్కను చూసే ధైర్యం చేసినం సార్. అక్కనే పోయింది. మా అమ్మ అంటుంది, కోసిన గుండె ఎన్నేండ్లుంటది అని. ఇప్పుడైతే ఆడుకుంటుంది గదా. జర నీలమైతది, గంతే గదా."

"గంతేనా?" అన్నాను.

అది మా ఇంట్లో ఆమె మాట. నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. అతనూ ఉలిక్కిపడ్డాడు.

"విను. మీ అక్క ఆపరేషన్ వల్ల పోలేదు. ఆపరేషన్ వల్లే ఇన్నాళ్లు ఉంది. అది అయ్యాక ముప్ఫై ఏళ్లు ఎవరూ తిరిగి చూడలేదు, దానివల్ల పోయింది. నీ పాపకు ఆపరేషన్ చేయించు. తర్వాత ఏటా చూపించు. మానేయాల్సింది ఆపరేషన్ కాదు, అయిపోయిందనుకోవడం."

"మల్ల ఏం కాదని మీరు రాసిస్తరా సార్?"

"రాసివ్వను. ప్రమాదం ఉంది. చేయించకపోతే ఉన్న ప్రమాదం ఇంకా పెద్దది."

అతని కళ్లు ఎర్రబడ్డాయి. "మీకు పిల్లలు లేరు సార్. మీకేం తెలుస్తది."

నేను తలుపు చూపించాను. అతను వెళ్లిపోయాడు. కిందికి వినిపించేలా తలుపు వేశాను. మాకు మొదట్లో పిల్లలు కలగలేదు, ఆ తర్వాత లేకపోవడానికి కారణం ఆ గుండే. రెండో ఆపరేషన్ ముందు గర్భం వస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది, తర్వాత మేమే వద్దనుకున్నాం. ఆ సంగతి అతనికి తెలియదు. అతనికి తెలిసింది తన బిడ్డ మెడ కింది నుంచి కోస్తారనీ, ధైర్యం చెప్పిన మనిషి చనిపోయిందనీ. అతని స్థానంలో ఉంటే నేనూ అలాగే అనేవాణ్నేమో. అయినా కోపం పోలేదు. అతను రెండు వారాలు ఆగుదాం అంటాడు, తర్వాత ఎండలు తగ్గాక అంటాడు, తర్వాత బడి సెలవుల్లో అంటాడు. ఆ పాప పెదవులు అప్పటిదాకా ఆగవు.

ఈ సాయంత్రం పాప తల్లి పైకి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"సార్, ఆయన అవుననలే, కాదనలే. అత్తమ్మ ఒద్దంటుంది. నేనైతే బ్యాగు సదిరిన."

"నన్నేం చేయమంటావమ్మా?"

"పొద్దున మీరొచ్చి అడుగున్రి సార్. మీ మీద కోపంగున్నడు గని, మీరు చెప్తే వింటడు. నేను చెప్తే ఏడుస్తున్న అనుకుంటడు."

అప్పుడే కింద నుంచి పాప అరిచింది, "అమ్మా, బ్యాగుల బొమ్మ పెట్టినవా" అని. తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని "పెట్టిన, పెట్టిన" అంటూ దిగి వెళ్లింది.

ఆమె ఉండి ఉంటే ఇది ఆమె పని. ఆమె అయితే ఆ ఇంట్లో దూరి, ముసలావిడతో టీ పెట్టించుకుని, అందర్నీ నవ్వించి, బయల్దేరదీసేది. నాకు అంత చాతకాదు. నాకు మాటలు తక్కువ, అవి కూడా గట్టిగా వస్తాయి.

ఆటో మాట్లాడాను. రేపు ఉదయం స్నానం చేసి, కిందికి దిగి, వాళ్ల తలుపు కొడతాను. అతను నా మీద అరిస్తే అరవనిస్తాను. అరవడం అయ్యాక ఆటో ఎక్కమంటాను.